మనసులోని మూస

పిల్లలూ! ఈ వ్యాసం చదివే ముందు ఒక చిన్న ఆట ఆడుదాం. ఇంట్లో అమ్మనో, నాన్ననో పిలిచి ఈ కింది మూడు మాటలూ ఒక్కొక్కటిగా చదివి వినిపించమనండి. మీరు కళ్ళు మూసుకుని కూర్చోండి. మాట చెవిన పడగానే మనస్సులో ఏ బొమ్మ కనిపిస్తుందో దాన్ని పట్టుకోండి. ఆలోచించకూడదు సుమా! మొదట వచ్చిన బొమ్మే లెక్క.

డాక్టరు.

చేపలు పట్టే ఊరి పిల్లవాడు.

ఒలింపిక్ పోటీలలో బరువులెత్తి పతకం తెచ్చిన శ్రీకాకుళం జిల్లా వ్యక్తి.

ఇక కళ్ళు తెరవండి. మూడో మాటకు వచ్చిన బొమ్మ ఎలా ఉంది? కండలు తిరిగిన చేతులు, వెడల్పైన ఛాతీ, మెలితిప్పిన మీసాలు... మీసాలున్నాయా? ఉంటే తుడిచెయ్యండి. ఆ వ్యక్తి పేరు కరణం మల్లీశ్వరి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన ఆడపిల్ల. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒక పద్ధతిలో 110 కిలోలు, మరో పద్ధతిలో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమే. అసలు ఆడవాళ్ళకు బరువులెత్తే పోటీ పెట్టడం ఒలింపిక్స్‌లో ఆ ఏడే మొదలు.

మీసాలు గీసినందుకు మీరేమీ సిగ్గుపడనక్కరలేదు. ఆ బొమ్మ మీరు పిలిస్తే వచ్చింది కాదు. పిలవకముందే వచ్చి కూర్చుంది. మరి దాన్ని ఎవరు గీశారు?

కంసాలి కొట్టు దగ్గర ఎప్పుడైనా నిలబడి చూశారా? కరిగిన లోహాన్ని మూసలో పోస్తాడు. ఎంతమందికి పోసినా ఒకే ఆకారం వస్తుంది. మనుషుల గురించి మన మనస్సులోనూ ఇలాంటి మూసలుంటాయి. ఆడపిల్లలంటే ఇంతే, పల్లెవాళ్ళంటే ఇంతే, కొండవాళ్ళంటే ఇంతే! కొత్తమనిషి కనిపించగానే మనస్సు అతన్ని తీసుకుపోయి తన దగ్గరున్న మూసలో పోసేస్తుంది. వీటికి ఇంగ్లీషులో ‘స్టీరియోటైప్’ అనే పేరు పెట్టి వాడుకలోకి తెచ్చినవాడు వాల్టర్ లిప్‌మన్ అనే అమెరికా పత్రికా రచయిత. అది 1922వ సంవత్సరం. ఆ మాటను ఆయన అచ్చాఫీసునుంచి తెచ్చుకున్నాడు. పూర్వం పేజీలోని అక్షరాలన్నీ ఒకసారి పేర్చాక, దానికి అచ్చు తీసి, సీసం కలిసిన లోహంతో ఒకే పలక పోసేవారు. ఆ తరువాత అక్షరం అక్షరం మళ్ళీ పేర్చే బాధ ఉండదు. ఎన్ని వేల ప్రతులైనా ఆ పలకతోనే కొట్టవచ్చు. తప్పు ఉంటే తప్పుతో సహా!

మనస్సు ఇలా ఎందుకు చేస్తుంది? చెడ్డదై కాదు, తొందరవల్ల. పలాస, కాశీబుగ్గల జీడిపప్పు కర్మాగారాలలో పనిచేసే ఆడవాళ్ళను చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. పొట్టు తీసిన పప్పు ముందు కుప్పగా పోసి ఉంటుంది. వాళ్ళు పక్కవాళ్ళతో మాట్లాడుతూనే ఉంటారు. చేతులు మాత్రం నిండు పప్పు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు వేసుకుంటూ పోతాయి. నిండు పప్పులో మళ్ళీ సైజులు. 320 రకం అంటే ఒక పౌనుకు సుమారు 320 పప్పులు తూగుతాయన్నమాట. ప్రతి పప్పునూ ఎత్తి పట్టుకుని ‘ఇది ఏ రకం?’ అని ఆలోచిస్తే సాయంత్రానికి కిలో కూడా తెమలదు. అలవాటుపడిన చెయ్యి ఆలోచన లేకుండా పని చేసుకుపోతుంది. మన మనస్సూ రోజంతా ఇటువంటి ఏరివేతే చేస్తుంది. లేకపోతే మనం రోడ్డు కూడా దాటలేం.

చిక్కల్లా ఎక్కడంటే, జీడిపప్పును బద్దలలో పడేస్తే అది బాధపడదు. మనిషి బాధపడతాడు.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. నేను లెక్కల మాస్టారిని. టెక్కలి ప్రాంతంలోనూ, ఉద్దానం వైపునా చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి ప్రధానోపాధ్యాయుడుగా విరమించాను. పిల్లలందరినీ ఒకే కంటితో చూస్తానని నాకు గట్టి నమ్మకం. నమ్మకమేమిటి, గర్వమే అనుకోండి! ఇతర ఉపాధ్యాయుల పాఠాలు పరిశీలించేటప్పుడు నేను ఒక పద్ధతి వాడేవాణ్ణి. తరగతిలో ఎవరెక్కడ కూర్చున్నారో కాగితం మీద పటం గీసుకుని, మాస్టారు ఎవరిని ప్రశ్న అడిగితే వారి పేరు దగ్గర ఒక చుక్క పెట్టడం. ఒక ఏడు ఆ పద్ధతిని నా పాఠం మీదనే ప్రయోగించాలని బుద్ధిపుట్టింది. ఎనిమిదో తరగతి. నలభై ఇద్దరు పిల్లలు. క్లాసు లీడరు చేతికి పటం ఇచ్చి, “నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ చుక్క పెట్టు. ‘ఎందుకు?’ అనో ‘ఎలా?’ అనో ఆలోచించే ప్రశ్న అడిగితే ఆ చుక్క చుట్టూ సున్న చుట్టు” అన్నాను.

వారం తిరిగింది. శనివారం సాయంత్రం లీడరు ఆ కాగితం ఇవ్వడానికి జంకాడు. తీసుకుని చూస్తే, ముందు రెండు బెంచీలలోనూ మశూచి పోసినట్లు చుక్కలు! అక్కడ కూర్చునేది బజారు వర్తకుల పిల్లలు, ఉద్యోగస్తుల పిల్లలు. కిటికీ పక్క మూడో బెంచీలో సముద్రపు ఒడ్డు ఊరినుంచి బస్సులో వచ్చే నలుగురు కూర్చునేవారు. ఆరు రోజులకు ఆ నలుగురికీ కలిపి ఐదు చుక్కలు. సున్న చుట్టిన చుక్క ఒక్కటీ లేదు. వారిలో ఒక ఆడపిల్ల పేరు దగ్గర కాగితం తెల్లగా ఉంది.

ఆ ఊరి పిల్లలకు లెక్కలు రావని నేను ఏనాడూ అనలేదు. అనుకోనూ లేదు. నా నోరు అనలేదు, నా బుద్ధి అనుకోలేదు. నా చూపుడువేలు అనుకుంది! ఇంకా వింత చెప్పనా? మా అమ్మగారి పుట్టిల్లు కూడా ఉద్దానమే. మూసకు స్వపర భేదం లేదు. మన ఊరివాళ్ళ మీద పరాయివాళ్ళు చేసిన మూసను మనమే మోస్తూ తిరుగుతాం.

ఇలా ‘మనకు తెలియకుండా జరిగే పని’ని కొలవడానికి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం కనిపెట్టారు. ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ అనే అమెరికా ఆచార్యుడూ, ఆయన సహచరులూ 1998లో ప్రకటించిన పరీక్ష అది. తెర మీద మాటలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. కొన్నింటికి ఎడమచేతి మీట, కొన్నింటికి కుడిచేతి మీట నొక్కాలి. మనస్సులో ముందే జతకట్టి ఉన్న మాటలు రెండూ ఒకే చేతికి వస్తే వేళ్ళు చకచకా పరుగెడతాయి. జత కుదరని మాటలు ఒకే చేతికి వస్తే వేళ్ళు తడబడతాయి. ఆ తడబాటు సెకనులో ఎన్నో వంతో ఉంటుంది. గడియారం దాన్ని పట్టేస్తుంది. అందరూ సమానమే అని మనస్ఫూర్తిగా నమ్మేవారి వేళ్ళు కూడా ఇలా తడబడడం చూచి చాలామంది ఆశ్చర్యపోయారు. అయితే, ఒక మనిషి రేపు ఎలా ప్రవర్తిస్తాడో ఈ పరీక్షతో ఎంతవరకు చెప్పగలం అనే విషయంలో పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. వేలు తడబడినంత మాత్రాన మనిషి చెడ్డవాడైపోడు.

మరి దీనికి మందు ఏమిటి? అద్దం అంటే నమ్ముతారా?

పిచ్చుకను చూడండి. మోటారుసైకిలు అద్దం మీద వాలి, లోపల కనబడే పిచ్చుకతో గంటల తరబడి పోట్లాడుతుంది. అది తానే అని దానికి తెలియదు. గోర్డన్ గ్యాలప్ అనే ఆయన 1970లో చింపాంజీలకు మత్తు ఇచ్చి, కనుబొమ మీద వాసన లేని ఎర్రరంగు పూసి, మెలకువ వచ్చాక అద్దం చూపించాడు. అవి అద్దాన్ని తడమలేదు. తమ నుదురే తడుముకున్నాయి! మీ ఇంట్లో పాపాయి ఉంటే మీరూ చూడవచ్చు. తెలియకుండా ముక్కు మీద కుంకుమ చుక్క పెట్టి అద్దం ముందు నిలబెట్టండి. ఏడాది పాపాయి అద్దంలోని పాపాయిని పట్టుకోబోతుంది. సుమారు ఏడాదిన్నర, రెండేళ్ళ పాపాయి తన ముక్కే తుడుచుకుంటుంది. ‘ఇది నేను’ అనే ఎరుక ఆ వయస్సులో వస్తుంది.

ఈ ఎరుక మన పనుల మీద ఎంత పనిచేస్తుందో చూడడానికి అమెరికాలో ఒక తమాషా ప్రయోగం జరిగింది. ఫలితాలు 1979లో ప్రకటించారు. వెనకటికి మన దగ్గర దసరాకు బడిపిల్లలు విల్లంబులు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పప్పుబెల్లాలు అడిగేవారు కదా! వారికీ అక్టోబరు నెలాఖరున అటువంటి పండుగ ఒకటుంది. పిల్లలు వేషాలు వేసుకుని మిఠాయిలకు బయలుదేరుతారు. ప్రయోగం జరిగిన ఇళ్ళలో గిన్నెనిండా మిఠాయిలు పెట్టి, “ఒక్కటే తీసుకోండి” అని చెప్పి ఇంటావిడ లోపలికి పోయేది. కొన్ని సందర్భాలలో గిన్నె వెనక అద్దం పెట్టారు. పేరూ, ఇల్లూ అడిగి తెలుసుకున్న పిల్లలలో, అద్దం ఉన్నప్పుడు ఒకటికన్నా ఎక్కువ తీసినవారు బాగా తగ్గిపోయారు. అద్దం ఏమీ మాట్లాడలేదు, బెత్తమూ పట్టుకోలేదు. చెయ్యి చాపుతున్నవాడి మొహం వాడికే చూపించింది.

నీల్ మెక్రే అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ 1998లో ఇదే అద్దాన్ని మన మూసల మీద ప్రయోగించారు. ఏదో ఒక మూస అంటుకుని ఉన్న మనిషిని గురించి రాయమని కొందరిని అడిగారు. తమ రూపం తమకు కనిపించే ఏర్పాటు ఉన్నప్పుడు, ఎవరూ హెచ్చరించకుండానే, వారి రాతలో మూసమాటలు తగ్గాయి. తన్ను తాను చూచుకుంటున్న మనిషి పలకతో అచ్చుకొట్టడం కాసేపు మాని, అక్షరాలు తానే పేర్చుకుంటాడన్నమాట.

కాని ఆ ప్రయోగంలో ఇంకొక సంగతి కూడా బయటపడింది. అద్దం తీసేశాక, అణిగి ఉన్న మూస తిరిగి వచ్చింది, అదీ మునుపటికన్నా జోరుగా! ఇది విన్నప్పుడు నాకు వైద్యుడి కథ గుర్తుకొచ్చింది. “ఈ మందు తాగేటప్పుడు కోతిని మాత్రం తలుచుకోకూడదు” అన్నాడట వైద్యుడు. పాపం, ఆ రోగి గిన్నె ఎత్తినప్పుడల్లా కోతే కనిపించింది. ‘అలా అనుకోకు, అలా అనుకోకు’ అని మనస్సును గదమాయిస్తే అది ఆ మాటనే పట్టుకు వేళ్ళాడుతుంది. గదమాయించడం వేరు, గమనించడం వేరు. ‘ఓహో, మీసాల బొమ్మ వచ్చిందే! సరే, నిజంగా ఎవరో చూద్దాం’ అనుకోవడం గమనించడం.

చుక్కల కాగితమే నాకు అద్దమైంది. దాన్ని బల్ల మీద అంటించుకున్నాను. సోమవారం నాడు కిటికీ పక్కనున్న ఆ అమ్మాయిని లేపి, సమీకరణంలో రెండు వైపులనుంచీ ఒకే సంఖ్య తీసేస్తే సమానం ఎందుకు చెడదో చెప్పమన్నాను. నిలబడింది. మాట్లాడలేదు. నాకు జాలి వేసి, “పోనీలే, కూర్చోమ్మా” అనబోయాను. జాలి కూడా మూసే సుమా! ముందు బెంచీ కుర్రవాడు తడుముకుంటే ‘ఆలోచించుకో’ అనేవాణ్ణి. ఈ పిల్ల తడుముకుంటే ‘కూర్చో’. నాలుక కొరుక్కుని లోలోపల పది లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర ఆ పిల్ల నోరు విప్పింది. “తక్కెట్లో రెండేపులా ఒకేలాగ తీసీసినాం కదండీ. మరి ముల్లెలాగ ఒంగుతాదండీ?” అంది. తరగతిలో ఎవరో కిసుక్కున నవ్వారు. సమాధానానికి కాదు, ఆ యాసకు. నేను పుస్తకంలోనుంచి చెప్పించే వివరణకన్నా అదే బాగుంది. ఆ ఏడాది చివరికి ఆ పిల్ల బోర్డు మీద నా తప్పు పట్టేదాకా వచ్చింది.

అన్నీ అలా బాగుపడ్డాయని చెప్పను. పరీక్షల హడావిడిలో ఒక నెల కాగితం తీసేశాను. మళ్ళీ గీయించి చూస్తే చుక్కలన్నీ నడిచి నడిచి ముందు బెంచీలకే చేరాయి. అదే బెంచీలో ఇంకొక కుర్రవాడుండేవాడు. పదో తరగతికి రాకుండానే మానేసి, ఆ ఊరి మగవాళ్ళు చాలామంది వెళ్ళే దారినే, గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పడవ పనికి పోయాడు. మొదటి వారం కాగితంలో అతని పేరు దగ్గర రెండు చుక్కలున్నాయి. ఇంటి అవసరం అతన్ని తీసుకుపోయింది, నిజమే. కాని రెండు చుక్కల బడి అతన్ని ఆపడానికి ఏం చేసింది?

మీ రెండో బొమ్మ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆ పిల్లవాడి చేతిలో ఏముంది? వల ఉందా, పుస్తకముందా?

ఇంతవరకు మూస పోసేవారి సంగతి చెప్పుకున్నాం. మూసలో పడినవారి సంగతో? కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు ఉత్తర ప్రదేశ్ పల్లెలలో 6, 7 తరగతుల మగపిల్లలను 642 మందిని తీసుకుని, దారి కనుక్కునే చిక్కుబొమ్మలు ఇచ్చారు. చేసినకొద్దీ డబ్బు. ఫలితాలు 2004లో వెలువడ్డాయి. ఎవరి కులమూ బయటికి చెప్పనప్పుడు అన్ని కులాల పిల్లలూ ఇంచుమించు సమానంగా చేశారు. అందరి ఎదుటా ప్రతివాడి పేరూ, కులమూ చదివి ఆ తరువాత చేయమంటే, తక్కువ కులంగా చూడబడే పిల్లల లెక్క పడిపోయింది. అవే చిక్కుబొమ్మలు, అవే బుర్రలు! మధ్యలో చదివింది ఒక్క మాట.

చూశారా, తన్ను తాను చూచుకోవడంలో కూడా రెండు రకాలున్నాయి. అద్దంలో నన్ను నేను చూచుకుంటే నా చెయ్యి అదుపులోకి వస్తుంది. ఎదుటివాడి కళ్ళలో నా మూసను చూచుకుంటే నా చెయ్యి వణుకుతుంది. మన జిల్లా పిల్లలకు ఇది తెలియని సంగతి కాదు. పై చదువుకు వేరే ఊరు వెళ్ళి నోరు విప్పగానే, యాస విని నవ్వేవారుంటారు. సినిమాలలో నవ్వించడానికి మన మాటను వాడుకోవడం ఎన్నేళ్ళనుంచో ఉన్నదే. తెలిసిన జవాబు కూడా గొంతులో ఆగిపోతుంది. ఇక ఉద్దానం పేరు చెబితే కొబ్బరితోటలు, జీడిమామిడితోటలు, పనసచెట్లు గుర్తుకు రావలసింది పోయి మూత్రపిండాల జబ్బు గుర్తుకొస్తుంది. ఆ జబ్బు నిజమే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండాల పరిశోధన ఆసుపత్రి ప్రారంభమైంది కూడా. ఇది ఒకరినుంచి ఒకరికి అంటుకునేది కాదు. అయినా ఊరి పేరు వినగానే ఒక అడుగు వెనక్కి వేసేవారుంటారు. వెనక్కి వేసిన ఆ కాలును అడిగి చూడండి, ‘నేనెప్పుడు వేశాను?’ అంటుంది.

మన ప్రాంతంలోనే, వంద ఏళ్ళకు పైబడిన మాట, ఒక ఉపాధ్యాయుడు ఈ అడుగు ముందుకు వేశాడు. గిడుగు వెంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేశారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. పర్లాకిమిడి కొండలలోనూ, మన మందస, సీతంపేట కొండలలోనూ సవరలు ఉంటారు. లిపి లేనిది భాషే కాదనుకునేవారు ఈనాటికీ ఉన్నారు, ఇక ఆ రోజులలో చెప్పాలా! ‘వీళ్ళకు భాష రాదు’ అనుకుని ఊరుకోవడానికీ, ‘వీళ్ళ భాష నాకు రాదు’ అనుకోవడానికీ మధ్య ఉన్నది ఒక్క అద్దమే. గిడుగువారు కూర్చుని సవర భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలకు వారి భాషలోనే చెప్పే బడులు పెట్టించారు. సవర భాషకు వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. ఆ భాష తెలుగుకు చుట్టం కాదు, ముండా భాషల కుటుంబానికి చెందినది. అంటే ఆయన నేర్చుకున్నది ఏదో నాలుగు మాటల మార్పు కాదు, బొత్తిగా వేరే భాష.

మీరు కూడా చుక్కల కాగితం ఒకటి గీసుకోవచ్చు. ఒక వారం చాలు. ఆటకు ముందుగా ఎవరిని పిలిచారు, ఎవరి పక్కన కూర్చుని అన్నం తిన్నారు, ఎవరు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుతగిలారు... రోజూ సాయంత్రం చుక్కలు పెట్టండి. ఎవరికీ చూపించనక్కరలేదు. అమ్మానాన్నలకూ ఒక కాగితం ఇవ్వండి. ఇంట్లో మంచినీళ్ళు తెమ్మని ఎన్నిసార్లు అమ్మాయిని అడిగారు, ఎన్నిసార్లు అబ్బాయిని అడిగారు? లెక్క పెద్దలకూ లెక్కే.

ఇంత చెప్పిన నేను మొన్న ఏం చేశానో కూడా చెబుతాను. పలాస స్టేషనులో బండి కోసం నిలబడి ఉన్నాను. నా ఈడుదే ఒక ఆవిడ, నేత చీర, జీడి మరకలు పడిన వేళ్ళు, తలమీద గంప, గోడ మీది రైళ్ళ వేళల పట్టిక వైపు మెడ చాచి చూస్తోంది. నేను గబగబా పక్కకు వెళ్ళి, ఆమె అడగకుండానే, తరగతిలో చదివినట్లు గట్టిగా బండ్ల పేర్లు, వేళలు చదవడం మొదలుపెట్టాను. ఆవిడ ఓపికగా అంతా విన్నది.

“సదువొచ్చు బావూ, కళ్ళజోడే మర్సిపోయినాను” అంది.

నేను నా కళ్ళజోడు తీసి ఇచ్చాను. పెట్టుకుని, పట్టిక పైనుంచి కిందిదాకా ఒకసారి చూచి, “నువ్వు సదివినవి విశాఖపట్నం ఏపు బళ్ళు. నాను ఇచ్ఛాపురం ఎల్లాల” అని, పక్క వరసలో వేలు పెట్టి, తన బండి వేళ తానే చదువుకుంది.